పెద్దలను మళ్లీ కొండెక్కించినవాళ్లు



సంక్రాంతి వచ్చిందంటే మనలో చాలా ఇళ్లలో పెద్దలకు పెట్టుకుంటారు. పోయినవాళ్ల ఫోటో తుడిచి బొట్టు పెడతారు. కొత్త బట్టలు తెచ్చి ఆ ఫోటో ముందు ఉంచుతారు. వాళ్లకిష్టమైనవి వండి విస్తరిలో వడ్డిస్తారు. ధూపం వేసి, దణ్ణం పెట్టుకుని, కాసేపు తలుపు దగ్గరగా వేసి బయటికి వస్తారు. తెలంగాణ పల్లెల్లో పెత్రమాస నాడు కూడా ఇలాగే పెద్దలను తలుచుకుంటారు. ముందు పెద్దలకు, ఆ తర్వాతే మనకు.

ఇప్పుడు ఒక్క మాట ఊహించండి. ఎక్కడినుంచో ఒక ప్రభుత్వం వచ్చి, పెద్దలకు పెట్టుకోవడం నేరమంది. ఫోటోలన్నీ నడివీధిలో కుప్ప పోసి తగలబెట్టింది. వడ్డించిన చేతిని కొరడాతో కొట్టింది. అప్పుడు మనం ఏం చేసేవాళ్లం?

ఇది ఊహ మాత్రమే కాదు. దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల్లో, ఇప్పటి పెరూ దేశంలో, సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇది నిజంగా జరిగింది. అక్కడ ఫోటోలు లేవు. పెద్దల శరీరాలే ఉండేవి. వాటిని రాశులు పోసి కాల్చారు. అయినా అక్కడి జనం తమ పెద్దలను వదల్లేదు. ఎలా వదల్లేదో, ఎందుకు వదల్లేదో ఈరోజు చెప్తాను.

ముందే ఒక్క మాట చెప్తాను. అది గుర్తు పెట్టుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. ఆ కొండల్లో చనిపోయిన పెద్ద, కేవలం తలుచుకునే మనిషి కాదు. ఊరి భూమికి, ఊరి నీటికి ఆయనే హక్కుదారు. బతికున్నవాళ్లు ఆయన పేరు మీద సాగు చేసుకునేవాళ్లు. పెద్ద ఉంటేనే భూమి. ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆండీస్‌లో పది పన్నెండు వేల అడుగుల ఎత్తున ఊళ్లున్నాయి. కింది వాలుల్లో మొక్కజొన్న పండుతుంది. ఇంకాస్త పైన బంగాళాదుంప. ఆ పైన ఒట్టి గడ్డి, ఆ గడ్డి మీద లామాలు, అల్పాకాలు మేస్తాయి. గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. శవాన్ని గుహలో ఉంచితే చాలావరకు కుళ్లదు. ఎండిపోయి నిలుస్తుంది. మోకాళ్లు గుండెకు ఆనించి, కూర్చున్నట్టుగా అమర్చి, ఉన్ని బట్టలో చుట్టేవాళ్లు.

ఒక మూలపురుషుడి పిల్లలమని చెప్పుకునే కుటుంబాలన్నీ కలిస్తే ఒక అయిల్యు. భూమి ఏ ఒక్కరిదీ కాదు, అయిల్యుది. ఆ మూలపురుషుడి ఎండిన శరీరానికి మల్కి అని పేరు. మల్కి ఊరికి పైన గుహలో ఉంటాడు. ఆయన చుట్టూ ఆయన పిల్లలు, మనవలు, ముని మనవలు. అందరూ కూర్చునే ఉంటారు.

ఈ చేను మాదని ఎలా చెప్పాలి? కాగితం లేదు. దస్తావేజు లేదు. ఆ గుహలో కూర్చున్నవాడే ఈ కాలవ తవ్వాడు, ఈ రాతి గట్టు కట్టాడు, మేం ఆయన పిల్లలం అని చెప్పేవాళ్లు. ఎవరైనా అనుమానపడితే చూపించడానికి ఆయన అక్కడే ఉన్నాడు.

మల్కికి సొంత చేను ఉండేది. సొంత లామాల మంద ఉండేది. ఊరంతా కలిసి ఆ చేను చేసేది. అందులో పండిన మొక్కజొన్నతో చిచా కాచేవాళ్లు. చిచా అంటే మొక్కజొన్నను మొలకెత్తించి, ఉడికించి, పులియబెట్టిన పానీయం. విత్తనం వేసే ముందు మల్కికి ఆ చిచా పోసి చెప్పుకునేవాళ్లు. కాలవలో పూడిక తీసే ముందు చెప్పుకునేవాళ్లు. కోకా ఆకు పెట్టేవాళ్లు, లామా కొవ్వు కాల్చేవాళ్లు. బట్ట పాతబడితే కొత్త బట్ట కట్టేవాళ్లు. ఆయనకు కోపం వస్తే వాన రాదని, జబ్బులొస్తాయని భయం. ఆయన చల్లగా చూస్తే కడుపు నిండుతుందని నమ్మకం.

పల్లెలో ఉన్న పద్ధతే రాజధానిలోనూ ఉండేది, ఇంకా పెద్ద ఎత్తున. ఇంకా అనే రాజవంశానికి రాజధాని కుస్కో. అక్కడ రాజు చనిపోతే కిరీటం కొత్త రాజుకు వెళ్లేది. కానీ పాత రాజు మేడలు, పొలాలు, పనివాళ్లు పాత రాజుకే ఉండిపోయేవి. ఆయన సంతతి ఒక గుంపుగా ఉండి వాటిని చూసుకునేది. పండగ రోజు రాజుల శరీరాలను పల్లకీల్లో మోసుకొచ్చి కుస్కో చౌకులో వరసగా కూర్చోబెట్టేవాళ్లు. ఒక్కొక్కరి ముందు చిన్న మంట. తినే పదార్థాలు ఆ మంటలో వేసేవాళ్లు. ఎదురుగా చిచా కుండలు. చనిపోయిన ఒక రాజు ఇంకో రాజుకు చిచా ఇచ్చి మర్యాద చేసినట్టు, వాళ్ల తరఫున సేవకులు గిన్నెలు మార్చుకునేవాళ్లు. దండయాత్రతో వచ్చిన పెద్రో పిసార్రో ఇదంతా కళ్లారా చూసి, ముసలితనంలో 1571లో రాసిపెట్టాడు. మంచి భూములన్నీ చనిపోయినవాళ్ల కిందే ఉన్నాయని వాస్కర్ అనే ఇంకా రాజు విసుక్కున్నాడని కూడా ఆయనే రాశాడు. చూశారా, చనిపోయినవాళ్లకు భూమి మీద ఎంత పట్టుందో!

స్పెయిన్ సైనికులు వచ్చింది 1532లో. నవంబర్ 16న కహమార్కా అనే ఊళ్లో ఫ్రాన్సిస్కో పిసార్రో ఇంకా రాజు అతావాల్పాను మోసంతో పట్టుకున్నాడు. గది నిండా బంగారం తీసుకున్నాడు. తర్వాతి ఏడాది మరణశిక్ష వేశాడు. బతికుండగానే కాల్చాలని తీర్పు. క్రైస్తవం పుచ్చుకుంటే కాల్చం, గొంతు బిగించి చంపుతాం అన్నారు. అతావాల్పా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ కొండల పద్ధతి తెలిస్తే, చావు తప్పదని తెలిసినవాడు ఎందుకు మతం మార్చుకున్నాడో అర్థమవుతుంది. శరీరం కాలిపోతే ఆయన పెద్ద కాలేడు. శరీరం మిగిలితే రాజుగానే మిగులుతాడు. కహమార్కా చర్చిలో పాతిపెట్టిన ఆ శరీరాన్ని ఆయన మనుషులు తర్వాత తీసుకుపోయి దాచారని అప్పటి చరిత్రలు చెప్తున్నాయి.

కుస్కోలో రాజుల శరీరాలను కూడా వాళ్ల సంతతి దాచేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఊరి నుంచి ఊరికి, ఇంటి నుంచి ఇంటికి మారుస్తూ వచ్చారు. చివరికి 1559లో కుస్కో అధికారి పోలో దె ఒందెగార్దో వాటి జాడ కనిపెట్టాడు. అంతకు ముందే విరకోచా అనే రాజు శరీరాన్ని ఫ్రాన్సిస్కో తమ్ముడు గొన్సాలో పిసార్రో కాల్చేశాడు. బంధువులు ఆ బూడిదను ఒక కుండలోకి ఎత్తుకున్నారు. ఆ కుండకే పూజ చేస్తూ వచ్చారు. పోలోకు ఆ కుండ కూడా దొరికింది. బూడిదైనా పెద్ద పెద్దే. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పోలో ఇంట్లో ఆ శరీరాలను ఒక కుర్రవాడు చూశాడు. పేరు గార్సిలాసో. తల్లి ఇంకా రాచకుటుంబం ఆడపడుచు, తండ్రి స్పెయిన్ సైనికాధికారి. 1560లో స్పెయిన్ వెళ్లబోతూ సెలవు తీసుకోవడానికి పోలో ఇంటికి వెళ్లాడు. అక్కడ ఐదు శరీరాలున్నాయి. ముగ్గురు రాజులు, ఇద్దరు రాణులు. ఒక్క వెంట్రుక, ఒక్క కనురెప్ప కూడా పోకుండా ఉన్నాయట. అందులో వైనా కాపాక్ రాజు చేతి వేలు గార్సిలాసో ముట్టుకున్నాడు. కొయ్యబొమ్మ వేలిలా గట్టిగా తగిలిందని ముసలివాడయ్యాక రాసుకున్నాడు. ఆ రాజు ఆయన తల్లికి తండ్రి తోడబుట్టినవాడు! తెల్ల బట్ట కప్పి ఆ శరీరాలను వీధుల్లో మోసుకెళ్తుంటే, దేశవాసులు మోకాళ్ల మీద కూలబడి ఏడ్చారట. స్పెయిన్ వాళ్లలో కూడా చాలామంది టోపీలు తీశారట. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

కొన్నింటిని లిమా నగరానికి పంపించి, సాన్ ఆంద్రేస్ ఆస్పత్రిలో ఉంచారు. హోసె దె అకోస్తా అనే మతగురువు పచాకుతి రాజు శరీరాన్ని చూసి వర్ణించాడు. కళ్ల స్థానంలో పల్చటి బంగారు రేకు అమర్చారట. అచ్చం నిజం కళ్లలా ఉన్నాయట. తల మీద రాయి తగిలిన పాత మచ్చ, నెరిసిన జుట్టు, ఆ రోజే పోయినట్టున్నాడట. ఆ తర్వాత ఆ శరీరాలు ఏమయ్యాయో జాడ లేదు. ఆస్పత్రి ఆవరణలో ఒకటికి నాలుగుసార్లు తవ్వి చూశారు. ఇంతవరకు దొరకలేదు.

రాజుల శరీరాల సంగతి అలా ముగిసింది. పల్లెల సంగతి ముగియలేదు. అసలు కథ పల్లెల్లోనే ఉంది.

1569లో తొలేదో అనే వైస్రాయ్ పెరూకు వచ్చాడు. చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న పల్లెలను ఖాళీ చేయించి, పది లక్షల మందికి పైగా జనాన్ని కొత్తగా కట్టిన ఊళ్లలోకి తరలించాడు. తిన్నటి వీధులు, మధ్యలో చౌకు, చౌకులో చర్చి. అక్కడైతే పన్ను వసూలు సులువు. పొతోసి వెండి గనుల్లో వంతులవారీ వెట్టికి మగవాళ్లను పట్టుకెళ్లడం సులువు. పాత ఊరు కొండ మీద ఖాళీగా మిగిలింది. పెద్దల గుహలు అక్కడే ఉండిపోయాయి.

దానికి తోడు ఇంకో కట్టడి. చనిపోయినవాళ్లను చర్చిలోనో చర్చి ఆవరణలోనో పాతాలి. గుహలో పెట్టకూడదు. వినడానికి ఇది మతానికి సంబంధించిన చిన్న నియమంలాగే ఉంటుంది. కానీ పెద్ద ఉంటేనే భూమి అన్నాను కదా. తాత గుహలో, తండ్రి చర్చి నేల కింద ఉంటే ఆ వరస తెగిపోయినట్టే. ఆ నేలకు, ఆ నీటికి, ఈ మనిషికి మధ్య ఉన్న ముడి ఊడిపోయినట్టే. మతగురువులు ఆత్మల రక్షణ కోసమే ఇదంతా చేశామన్నారు. చాలామంది నిజంగానే అలా నమ్మారు. ఎవరేం నమ్మినా, ముడి మాత్రం ఊడింది. అది జనానికి బాగా తెలిసింది.

తొలేదో రాకముందే, 1560ల్లో వామంగా ప్రాంతంలో, అంటే ఇప్పటి అయాకుచో చుట్టుపక్కల, ఒక పెద్ద కదలిక పుట్టింది. తాకి ఒంకోయ్ అని పిలిచారు. పూనకం వచ్చి ఊగుతూ, పాడుతూ, మన దేవతలు తిరిగి లేచారు, ఇక రాళ్లలో ఉండరు, మనుషుల్లోకే వస్తారు అని చెప్పేవాళ్లు. స్పెయిన్ తిండి తినొద్దు, స్పెయిన్ బట్ట కట్టొద్దు, చర్చికి పోవద్దు అనేవాళ్లు. వాన్ చోక్నె అనే అతను వాళ్లలో ముఖ్యుడు. అల్బోర్నోస్ అనే మతాధికారి ఊరూరా తిరిగి వేల మందికి శిక్ష వేశాడు. ఆ తర్వాత 1572లో స్పెయిన్ వాళ్లు చివరి ఇంకా రాజు తుపాక్ అమారు తలను కుస్కో చౌకులో నరికారు. తలను కొయ్యకు గుచ్చి నిలబెట్టారు. రాత్రివేళ జనం వచ్చి ఆ తలకు మొక్కడం మొదలుపెట్టారు. అది చూసి భయపడి ఆ తలను దింపి పాతిపెట్టాల్సి వచ్చింది.

ఇక 1600 తర్వాతి మాట. లిమాకు తూర్పున వారోచిరీ కొండలున్నాయి. అక్కడ ఫ్రాన్సిస్కో దె ఆవిలా అనే మతగురువు ఉండేవాడు. 1607లో ఊరివాళ్లు ఆయన మీద చర్చి కోర్టులో ఫిర్యాదు చేశారు. వెట్టి చేయిస్తున్నాడని, డబ్బు గుంజుతున్నాడని. ఆ మరుసటి ఏడాదే ఆవిలా ఒక సంగతి బయటపెట్టాడు. ఈ జనం మేరీమాత పండగ చేస్తున్నట్టు కనిపిస్తారు కానీ, నిజానికి పరియకాకా అనే మంచుకొండ దేవుడికీ, చౌపి న్యామ్కా అనే దేవతకూ మొక్కుతున్నారన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్లే నేరస్తులయ్యారు. ఈ వరస ఏ కాలంలోనైనా గమనించదగ్గదే.

1609 డిసెంబర్ 20న లిమా చౌకులో పెద్ద తతంగం నడిచింది. వారోచిరీ నుంచి తెచ్చిన విగ్రహాలు, పెద్దల ఎండిన శరీరాలు కుప్ప పోశారు. వైస్రాయ్ చూస్తుండగా కాల్చారు. ఎర్నాండో పౌకర్ అనే పూజారిని కొయ్యకు కట్టారు. జుట్టు కత్తిరించారు. రెండు వందల కొరడా దెబ్బలు కొట్టి చిలీకి పంపేశారు. దాంతో ఒక ఉద్యోగమే పుట్టింది. ఊరూరా తిరిగి పాత పూజలను వెతికి పట్టుకుని నాశనం చేసే ఉద్యోగం.

అందులో పనిచేసిన పాబ్లో హోసె దె అర్రియాగా అనే జెసూట్ గురువు 1621లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అది చదివితే ఆ పని ఎలా జరిగేదో తెలుస్తుంది. అధికారి, రాతగాడు, గురువులు ఊళ్లోకి దిగుతారు. ఒక్కొక్కరినీ పిలిచి విడివిడిగా అడుగుతారు. మీ మల్కి ఎక్కడ? ఎవరు పూజారి? ఎప్పుడు మొక్కుతారు? అందరి మాటలు కలిపి చూస్తారు. దొరికినవన్నీ రాసుకుంటారు. తర్వాత చౌకులో మంట. గుహ దగ్గర శిలువ. పూజారుల్లో కొందరికి లిమాలో సాంతా క్రూస్ అనే నిర్బంధ గృహం. ఊరి పెద్దల కొడుకులకు లిమాలోనే ప్రత్యేక పాఠశాల, పాత మాట వాళ్ల చెవిన పడకుండా.

అర్రియాగా లెక్కలు కూడా ఇచ్చాడు. 1617 ఫిబ్రవరి నుంచి 1618 జూలై వరకు వాళ్లు తిరిగిన ఊళ్లలో దొరికిన మల్కిలు 617. ఆ పక్కనే ఇంకో అంకె ఉంది. చర్చిల నుంచి ఎత్తుకుపోయిన శవాలు 477.

శ్రోతలారా, ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగండి. నాలుగు వందల డెబ్బై ఏడు. పగలు చర్చిలో గురువు మంత్రం చదివి తమ మనిషిని పాతిపెడతాడు. ఇంటివాళ్లు నోరెత్తరు. చీకటి పడ్డాక కొందరు వస్తారు. నేల తవ్వుతారు. శవాన్ని పైకి తీస్తారు. మళ్లీ మట్టి పూడ్చి సదును చేస్తారు. చిక్కితే కొరడా. చూసినవాడు చెప్తే కొరడా. అయినా భుజానికెత్తుకుని, గాలి కూడా సరిగా అందని ఎత్తుకు, పెద్దల గుహ దాకా నడుస్తారు. అక్కడ తాత పక్కన కూర్చోబెడతారు. పాత బట్ట తీసి కొత్త బట్ట చుడతారు. చిచా పోస్తారు.

ఎందుకిలా చేశారని అర్రియాగా అడిగించాడు. వాళ్లు చెప్పిన జవాబును దాచకుండా రాశాడు, అంతవరకు ఆయనకు మనం రుణపడి ఉండాలి. మా వాళ్లు మట్టి బరువు కింద నలిగిపోతున్నారు, బాధపడుతున్నారు, వాళ్ల మీద ప్రేమ కొద్దీ తీసుకెళ్లాం అన్నారు. ప్రేమ కొద్దీ. ఈ మాట ఆ పుస్తకంలోనే ఉంది. కత్తి పట్టలేదు, రాయి విసరలేదు. అయినా ఆ కొండల్లో జరిగిన తిరుగుబాట్లలో ఇంతకంటే పెద్దది లేదని నేనంటాను. ఆ 477 శవాల వెనక ఎన్నో కుటుంబాలు భయాన్ని గెలిచాయి. లెక్కకు రానివి ఇంకెన్నో.

అర్రియాగా పుస్తకంలోనే ఒక మల్కి కథ ఉంది. పేరు లిబియా కంచార్కో. రపాస్ అనే ఊరికి ఒకటిన్నర లీగుల దూరంలో, అంటే దాదాపు రెండు గంటల నడక దూరంలో, గుహలో దొరికాడు. తల మీద బంగారు ఆభరణం. ఒంటి మీద ఒకదానిమీద ఒకటి ఏడు అంగీలు. అన్నీ కుంబి అనే మేలురకం నేత. ఇంకా రాజులే పంపించారని ఊరివాళ్లు చెప్పుకునేవాళ్లు. అవెందానో అనే మతాధికారి ఆ మల్కిని పట్టుకున్నాడు. లిమాకు మోయించి వైస్రాయ్‌కు, ఆర్చిబిషప్‌కు చూపించారు. తర్వాత కాల్చేశారు. ఎంత జాగ్రత్తగా నేసిన బట్ట అది! ఎన్ని తరాలు ఒక్క పురుగు పట్టకుండా కాపాడారో!

కాల్చాక ఏమైంది? ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, బూడిదైనా పెద్ద పెద్దే అని. 1656 నుంచి 1658 వరకు బెర్నార్దో దె నొబోవా అనే అధికారి కహాతాంబో ప్రాంతంలో విచారణ జరిపాడు. ఆ కాగితాలు మిగిలాయి. 20వ శతాబ్దంలో అచ్చయ్యాయి. అందులో ఆకస్ ఊరికి చెందిన ఎర్నాండో ఆకస్ పోమా అనే వృద్ధుడు, పెద్దల పూజారి, 1657లో ఇచ్చిన వాంగ్మూలం ఉంది. నలభై ఏళ్ల కిందటే కాలిపోయిన పెద్దలకు ఆ ఊళ్లో ఇంకా పూజ జరుగుతోంది. శరీరం కాలినా ఆత్మ బతికే ఉంది, పెట్టింది అందుకోవడానికి వస్తుంది అని వాళ్ల నమ్మకం. చర్చిలో ఉన్నవి రంగు పూసిన కొయ్యలు, అవి మాట్లాడవు, మన మల్కిలు అడిగితే జవాబిస్తారు అని పూజారులు జనానికి చెప్పేవాళ్లు.

ఇంకా గొప్ప సంగతి వినండి. ఊళ్లో చర్చి పండగ వస్తే జనం మానేవాళ్లు కాదు. చేసేవాళ్లు. కానీ పండగకు ముందు చాటుగా మల్కిల దగ్గరికి వెళ్లేవాళ్లు. చిచా, కోకా పెట్టి అనుమతి అడిగేవాళ్లు. ఈ పండగ మా సంతోషానికి కాదు, గురువు బలవంతం మీద చేస్తున్నాం, మీరు కోప్పడకండి అన్నట్టుగా. తర్వాత ఐదు రోజులు ఉప్పు, మిరప మానేసి ఉపవాసం. పరాయి దేవుడి పండగకు కూడా సొంత పెద్దల సెలవు తీసుకున్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అనుకోకండి. ఎవరి మాట పెద్దదో వాళ్లకు తెలుసు. ముందు పెద్దలు, ఆ తర్వాతే మిగతావాళ్లు.

వారోచిరీలో ఆ రోజుల్లోనే కెచువా భాషలో రాసిన ఒక గ్రంథం ఇప్పుడు మాడ్రిడ్‌లో ఉంది. పెద్దల కథలు వాళ్ల సొంత భాషలోనే చెప్పే అరుదైన పుస్తకం. అందులో ఒక చోట, నవంబర్ మొదటి రోజుల్లో స్పెయిన్ వాళ్లు తమ చనిపోయినవారి కోసం చర్చిలో తిండి పెట్టడం చూసి, మనం కూడా మన వాళ్లకు పెట్టుకుందాం రండి అని జనం వేడి వేడి వంటలు తీసుకుని చర్చికే వెళ్లారని రాసి ఉంది. దారి మూసిన చోటే దారి చేసుకున్నారు.

18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఈ వేట దాదాపు ఆగిపోయింది. కానీ పెద్దలంటే పాలకులకు భయం పోలేదు. 1780 నవంబర్‌లో హోసె గాబ్రియేల్ కొందోర్కాంకి అనే ఊరి పెద్ద తిరగబడ్డాడు. తల నరికించుకున్న తుపాక్ అమారుకు తాను వారసుణ్ణని, అదే పేరు పెట్టుకున్నాడు. 1781 మే 18న ఆయన్ను కూడా అదే కుస్కో చౌకులో చంపారు. ఆ తీర్పులో అధికారి అరేచే ఏమేం నిషేధించాడో చూడండి. ఇంకా రాజుల బట్టలు కట్టకూడదు. ఇంకా రాజుల బొమ్మలు ఇళ్లలో ఉండకూడదు. శంఖాలు ఊదకూడదు. పాత రాజుల కోసం దుఃఖ సూచకంగా నల్ల బట్ట వేసుకోకూడదు. రెండు వందల యాభై ఏళ్ల కిందట రాజ్యం పోగొట్టుకున్న రాజుల కోసం జనం అప్పటికీ నల్ల బట్ట వేసుకుంటున్నారన్నమాట.

ఇక ఈనాటి సంగతి. నవంబర్ 1, 2 తేదీల్లో ఆండీస్ ఊళ్లన్నీ సమాధుల దగ్గర ఉంటాయి. పోయినవాళ్లకిష్టమైన వంటలు, చిచా, పసిపాప ఆకారంలో కాల్చిన రొట్టెలు తీసుకెళ్తారు. బొలీవియాలోని లాపాజ్ నగరంలో నవంబర్ 8న ఇళ్లలో కాపాడుకున్న పుర్రెలకు పూలదండలు వేసి శ్మశానానికి తీసుకెళ్తారు. కోకా ఆకు పెడతారు, సిగరెట్టు వెలిగించి పెడతారు. చర్చికి ఇది నచ్చదు. అయినా ఏటా జనం వస్తూనే ఉన్నారు. కుస్కోలో కార్పస్ క్రిస్టీ పండగకు పదిహేను విగ్రహాలను పేటల నుంచి మోసుకొచ్చి చౌకులో ఊరేగిస్తారు. ఒకప్పుడు రాజులు కూర్చున్న చౌకు అదే.

ఇందాక చెప్పిన రపాస్ ఊరు ఇప్పటికీ ఉంది. సముద్రమట్టానికి పదమూడు వేల అడుగుల పైన. ఏడు అంగీలు తొడుక్కున్న లిబియా కంచార్కోను కాల్చడానికి ఎత్తుకెళ్లింది ఆ ఊరి నుంచే. అక్కడ కాహా వాయి అనే చిన్న పాత కట్టడం ఉంది. లోపల ముడులు వేసిన ఉన్ని తాళ్లు వేలాడుతుంటాయి. వాటిని కిపు అంటారు. రాత లేని కాలంలో లెక్కలు, సంగతులు ముడుల్లో దాచే పద్ధతి అది. ఊరి పాలకవర్గం ఆ గదిలో కూర్చుని భూమి, నీరు, మంద గురించి మాట్లాడుకుంటుంది. వాన కోసం కొండలను పిలిచి కోకా ఆకు పెడతారు. పక్కనే ఊరుమ్మడి ధాన్యపు కొట్టు. ఫ్రాంక్ సాలమన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఈ శతాబ్దం మొదట్లో వచ్చి ఆ తాళ్లను శుభ్రం చేసి బాగుచేశారు. ఊరు దాటించలేదు. అక్కడే బాగుచేసి, అక్కడే వేలాడదీశారు. భూమి, నీరు, పెద్దలు, ఈ మూడింటి మాట అక్కడ ఇప్పటికీ ఒకే గదిలో నడుస్తోంది.

శ్రోతలకు ఒక చిన్న విన్నపం. పిల్లల పుస్తకాల్లో, టీవీ కార్యక్రమాల్లో ఇంకాలు అంతరించిపోయారని తరచు చెప్తుంటారు. మీ పిల్లలు అలా చదివితే దయచేసి సరిదిద్దండి. పెరూ, బొలీవియా, ఈక్వడార్ కొండల్లో డెబ్బై లక్షల మందికి పైగా ఈరోజు కూడా కెచువా మాట్లాడుతున్నారు. రాజులు పోయారు. ఆ రాజుల జనం ఉన్నారు, వాళ్ల పెద్దలతో సహా.